పేరు ఉంచి ఆట మార్చేవారికి ఒక బహిరంగ లేఖ

పాత వీడియో గేముల హక్కులు చేతిలో ఉన్న ప్రచురణ సంస్థల నిర్వాహకులకు, ఆ గేములను మళ్లీ తీసే పని అందుకున్న స్టూడియోల బాధ్యులకు నమస్కారాలు.

2001లో మా ఊరి బస్టాండు ఎదురుగా, మందుల షాపు పై అంతస్తులో ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌లో ‘కమాండోస్: బిహైండ్ ఎనిమీ లైన్స్’ను నేను మొదటిసారి చూశాను. మాడ్రిడ్‌లోని పైరో స్టూడియోస్ 1998లో తీసిన గేము అది. గంటకు కట్టాల్సిన డబ్బును నలుగురం పంచుకునేవాళ్లం కాబట్టి ఒకడు మౌస్ పట్టుకుంటే మిగిలిన ముగ్గురం వాడి భుజాల మీదుగా తెరను చూస్తూ, కాపలా సైనికుడు ఎన్ని అడుగులు వేసి వెనక్కి తిరుగుతాడో, అతను తిరిగేలోగా గోడ వారగా పాకుతున్న మనవాడు పడవ దాకా చేరగలడో లేదో లెక్కకట్టి చెప్పేవాళ్లం. శత్రువు చూపు ఎంతవరకు పారుతుందో ఆ ఆట నేల మీద పచ్చని విసనకర్రలా పరిచి చూపించేది. దాని దగ్గరి భాగంలో అడుగు పెడితే దొరికిపోతాం, దూరపు భాగంలో నేలకు కరుచుకుని పాకితే బతికిపోతాం. తుపాకి పేల్చడం చివరి మార్గం, ఎందుకంటే ఒక్క చప్పుడుకు శిబిరమంతా లేచి మీద పడేది. ఒక్కొక్క మిషన్‌కు మాకు వారం రోజులు పట్టిన సందర్భాలున్నాయి.

2006లో అదే స్టూడియో ‘కమాండోస్: స్ట్రైక్ ఫోర్స్’ తీసింది. ఉద్యోగంలో చేరాక నా జీతంతో కొన్న తొలి గేముల్లో అదొకటి. పాత గేములోని గ్రీన్ బెరే (కమాండో), స్నైపర్, గూఢచారి అందులో ఉన్నారు, రెండో ప్రపంచ యుద్ధం ఉంది, శత్రువు దుస్తులు వేసుకుని వాళ్ల మధ్యే తిరగడమూ ఉంది. లేనిదల్లా పైనుంచి చూసే ఆ చూపు. నేను ఇప్పుడు ఒక మనిషి కళ్లలోంచి, తుపాకి గొట్టం వెంట ముందుకు చూస్తున్నాను. గోడ అవతల ఎవరున్నారో తెలియదు, వెనక నుంచి ఎవరు వస్తున్నారో తెలియదు, ఎవరి అడుగులూ లెక్కపెట్టడానికి కుదరదు. అది చెడ్డ గేము అని నేను అనను. ఆ కాలంలో వచ్చిన చాలా షూటర్ల (కాల్పులే ప్రధానమైన ఆటల) కన్నా అది ఓపికను ఎక్కువగానే కోరింది. అయినా నలుగురు చుట్టూ చేరి ఆలోచించి ఆడే ఆట కాదది. పాత మిత్రుల్లో ఒక్కరినైనా దాని ముందు కూర్చోబెట్టాలని నాకు అనిపించలేదు.

అప్పటి నుంచి, ఒక గేము జానర్‌ను, అంటే అది ఏ కోవ ఆటో దాన్ని, మార్చి మళ్లీ తీశారని విన్నప్పుడల్లా, ఏది మారకుండా ఉంటే ఆ పాత పేరు నిజమవుతుందన్న ఆలోచన నన్ను వదల్లేదు. పాత్రలు మిగిలితే చాలదని స్ట్రైక్ ఫోర్స్ నాకు నేర్పింది. కథ, కాలం, స్థలం మిగిలినా చాలదు. ఆడేవాడిని ఆ ఆట పదే పదే ఏ చిక్కులో పెడుతుందో, ఏ తీరు ఆలోచనను అతని దగ్గర కోరుతుందో, అది మిగలాలి.

మా వైపు పాత గుడి మండపాల్లో, రచ్చబండల మీద పులి–మేక ఆట గీతలు చెక్కి ఉంటాయి. పులులు కొద్ది, మేకలు ఎక్కువ. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపగలదు. మేకకు చంపే శక్తి లేదు, అన్నీ కలిసి పులికి కదిలే చోటు లేకుండా కట్టేయడమే మేకల గెలుపు. ఈ ఆటను రాతి మీద గులకరాళ్లతో ఆడినా, అట్ట మీద చింతపిక్కలతో ఆడినా, ఫోనులో ఆడినా, చివరకు పిల్లలే మేకలై వీధిలో పులి అయినవాడిని చుట్టుముట్టి ఆడినా అది పులి–మేకే, ఎందుకంటే బలం లేనివాళ్లు కలిసి బలమైనవాడికి దారులు ఎలా మూయాలన్న చిక్కు అందులో అలాగే ఉంది. గీతలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, పులి బొమ్మలు ఎంతో అందంగా చెక్కి, మేక చేతికి కత్తి ఇచ్చి ముందు పొడిచినవారిదే గెలుపు అంటే మాత్రం ఆ ఆట పోయినట్టే.

జానర్ మారినా ప్రాణం నిలిచిన గేముల్లో నేను ముందుగా చెప్పేది ‘మెట్రాయిడ్ ప్రైమ్’. 1986లో మొదలైన మెట్రాయిడ్ పక్కనుంచి చూస్తూ ఆడే ఆట. 1994 నాటి ‘సూపర్ మెట్రాయిడ్’ తర్వాత ఎనిమిదేళ్లు ఆ పేరుతో కొత్త గేము రాలేదు. టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లోని రెట్రో స్టూడియోస్‌కు నింటెండో ఆ పని అప్పగించిందని, ఈసారి నాయిక సేమస్ కళ్లలోంచి చూస్తూ ఆడాలని తెలిసినప్పుడు, ఇది కూడా మరో తుపాకి ఆట అయిపోతుందని పాత అభిమానులు భయపడ్డారు. 2002 నవంబరులో గేము చేతికి వచ్చాక ఆ భయం తీరింది. ఎలా తీరిందో మీ డిజైనర్లు ప్రతి చిన్న విషయంలోనూ గమనించాలని నా కోరిక. శత్రువు మీద గురి దానంతటదే నిలిచే ఏర్పాటు చేసి, షూటర్ గేము పెట్టే అసలు పరీక్షను వారు దాదాపుగా తీసేశారు. యంత్రాలను, కళేబరాలను, గోడల మీది రాతలను స్కాన్ చేసి చదువుకుంటూ ఆ గ్రహం మీద ఏం జరిగిందో మనమే కూడబలుక్కోవాలి. ఇప్పుడు తెరుచుకోని తలుపును మనసులో గుర్తు పెట్టుకుని, కొన్ని గంటల తర్వాత కొత్త శక్తితో అదే చోటికి తిరిగి వచ్చి దాన్ని తెరవడంలోని ఆనందం చెక్కుచెదరలేదు. సేమస్ బంతిలా ముడుచుకున్నప్పుడు కెమెరా ఆమె తలలోంచి బయటికి వస్తుంది, ఆ పని లోపలి నుంచి చూస్తూ చేయలేం కాబట్టి. కొత్త జానర్ నియమం కోసం ఆటను వంచకుండా, ఆట కోసం ఆ నియమాన్నే వంచారు. దాన్ని షూటర్ అనకుండా ఫస్ట్ పర్సన్ అడ్వెంచర్, అంటే పాత్ర కళ్లలోంచి చూస్తూ సాగే సాహసం, అన్నారు. పైగా అమెరికాలో అదే నెలలో, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం పక్కనుంచి చూస్తూ ఆడే ‘మెట్రాయిడ్ ఫ్యూజన్’ను కూడా విడుదల చేశారు. కొత్త దారి తొక్కడం ఇష్టం లేనివారికి పాత దారి తెరిచే ఉంది.

‘ఫాలౌట్’ మార్పు ఇంత సాఫీగా సాగలేదు. 1997లో ఇంటర్‌ప్లే విడుదల చేసిన తొలి గేము పైనుంచి ఏటవాలుగా చూస్తూ, వంతులవారీగా పోరాడే ఆట. 2007లో ఆ పేరును కొనుక్కున్న బెథెస్డా 2008లో ‘ఫాలౌట్ 3’ని మనం స్వయంగా నడిచి తిరిగే త్రీడీ లోకంగా మార్చింది. కాలాన్ని ఆపి శత్రువు ఒంటిలో ఏ భాగాన్ని కొట్టాలో ఎంచుకునే ‘వ్యాట్స్’ పద్ధతి పాత ఆటకు గుర్తుగా మిగిలింది. మాటకారితనంతో, ఉపాయంతో సమస్యలు దాటే దారులు పలచబడ్డాయని పాతవారు బాధపడ్డారు, ఆ బాధ అకారణం కాదు. అయితే తొలి ఫాలౌట్ గేముల మీద పనిచేసినవారు కొందరున్న అబ్సిడియన్ 2010లో అదే సాంకేతికతతో, అదే చూపుతో ‘న్యూ వేగాస్’ తీసినప్పుడు ఆ దారులన్నీ మళ్లీ తెరుచుకున్నాయి. తప్పు కెమెరాది కాదని నేను నమ్మడానికి ఆ గేము ఒక్కటే చాలు.

‘ఎక్స్‌కామ్’ దగ్గర కొంత ఎక్కువసేపు ఆగడానికి అనుమతించండి. జూలియన్ గొలప్, ఆయన సోదరుడు నిక్ రూపొందించగా 1994లో మైక్రోప్రోస్ విడుదల చేసిన ఆ తొలి గేములో భూగోళం మన ముందు తిరుగుతూ ఉంటుంది. గ్రహాంతర నౌక ఎక్కడ కూలితే అక్కడికి మన సైనికులను పంపాలి. అక్కడ చీకటి పొలంలో, కొట్టం పక్కన, ఒక్కొక్కరినీ వంతులవారీగా రెండడుగులు ముందుకు కదపాలి. చనిపోయినవాడు చనిపోయినట్టే, మళ్లీ రాడు. సైనికుల పేర్లు మార్చుకునే వీలుండటంతో మేము మా స్నేహితుల పేర్లు, అన్నదమ్ముల పేర్లు పెట్టుకునేవాళ్లం. అందువల్ల ఒక తలుపు తెరవాలంటే చేయి మీట మీదే ఆగిపోయేది. ఎవరిని ముందు పంపాలి, ఎవరిని పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి అన్న బరువు ఆటంతా మన మీదే ఉంటుంది.

2010లో ఆ పేరును తిరిగి తెస్తున్నామని ప్రకటన వచ్చినప్పుడు చూపించింది ఒక ఫస్ట్ పర్సన్ షూటర్. 2కె మారిన్ దాన్ని తయారుచేస్తోంది, 1950ల నాటి అమెరికా నేపథ్యం, ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు కథ. వంతులవారీ ఆటలకు, నిదానంగా ఆలోచించే స్ట్రాటజీ గేములకు కాలం చెల్లిందన్న మాట పరిశ్రమలో బలంగా వినిపించిన రోజులవి. అభిమానులు పెద్ద ఎత్తున అభ్యంతరం చెప్పారు. 2012 జనవరిలో అదే 2కె ప్రచురణ సంస్థ కింద ఉన్న ఫిరాక్సిస్ వంతులవారీ ఎక్స్‌కామ్‌ను ప్రకటించి, అక్టోబరులో విడుదల చేసింది. దానికి దక్కిన ఆదరణ వల్ల 2016లో రెండో గేము కూడా వచ్చింది. షూటర్‌గా మొదలైన గేము ఈలోగా రూపం మార్చుకుంటూ పోయి, 1962కు కదిలి, వెనకనుంచి చూసే ఆటగా 2013 ఆగస్టులో ‘ద బ్యూరో’ అనే పేరుతో బయటికి వచ్చి పెద్దగా నిలవలేదు.

ఈ కథను అభిమానుల విజయంగా చెప్పుకోవడం అలవాటైపోయింది. నేను ఇందులో రెండు విషయాలు వేరుగా చూస్తాను. ఫిరాక్సిస్ జట్టు పాత ఆటను అలాగే ఎత్తి రాయలేదు. ప్రతి అడుగుకూ లెక్కగట్టే పాత టైమ్ యూనిట్లను తీసేసి వంతుకు రెండు పనులు అనే తేలిక పద్ధతి పెట్టింది, సైనికుల సంఖ్యను ఆరుకు కుదించింది, అనేక స్థావరాల బదులు ఒక్కటే ఉంచింది. ఇన్ని మార్చినా తలుపు ముందు చేయి ఆగిపోవడాన్ని మాత్రం అలాగే ఉంచింది. అభిమానులు మార్పును ఒప్పుకోరని మీ సమావేశాల్లో ఎవరైనా అంటే దయచేసి ఈ గేమును గుర్తు చేయండి. రెండో విషయం, షూటర్ మీద పనిచేసినవారి గురించి. ఏళ్ల తరబడి శ్రమించిన ఆ జట్టు మీద నాకు కోపం లేదు, బాధ ఉంది. గ్రహాంతర జీవులను ఎదుర్కొనే యాభైల నాటి ప్రభుత్వ ఏజెంటు అనే ఊహ సొంత పేరుతో వచ్చి ఉంటే దానికి అడ్డు చెప్పేవారే ఉండేవారు కాదు. అమ్మకాల కోసం తగిలించిన పాత పేరు ఆ గేముకు బరువైంది.

బుల్‌ఫ్రాగ్ 1993లో తీసిన ‘సిండికేట్’కూ ఇదే జరిగింది. కార్పొరేషన్లు పాలించే నగరంలో నలుగురు ఏజెంట్లను పైనుంచి నడిపిస్తూ, దారిన పోయే జనాన్ని ఒక పరికరంతో వశం చేసుకుని వెంట తిప్పుకునే ఆట అది. మనుషులు మన చేతిలో పావులైపోవడం చూసి కలిగే జంకే దాని రుచి. 2012లో స్టార్‌బ్రీజ్ తీసిన షూటర్‌లో మనమే ఒక ఏజెంటు, అంటే మనమే ఒక పావు. ఎదుటివారి మెదడులోని చిప్‌ను లొంగదీసే శక్తులు అందులోనూ ఉన్నాయి, తుపాకి పోరు బిగువుగా ఉంది, నలుగురు కలిసి ఆడే భాగాన్ని నేను ఇష్టంగా ఆడాను. పేరు వేరే ఏదైనా అయి ఉంటే నేను దాన్ని ఇంకా ఇష్టపడేవాడినని నిజాయితీగా చెబుతున్నాను.

పేరు మార్చడానికి ధైర్యం చేసినవారూ మీలోనే ఉన్నారు. క్యాప్‌కామ్‌లో హిదెకి కమియా నాయకత్వంలో ‘రెసిడెంట్ ఈవిల్’ అనే భయానక సిరీస్‌లో నాలుగో గేముగా మొదలైన పని, భయం నుంచి దూరంగా జరిగి దూకుడైన కత్తి పోరాటాల వైపు వెళ్లిపోతున్నప్పుడు, ఆ సంస్థ దాన్ని ఆపలేదు, పాత పేరు కిందికి బలవంతంగా నెట్టనూ లేదు. దానికి వేరే పేరు పెట్టింది. 2001లో వచ్చిన ‘డెవిల్ మే క్రై’ అదే. ఒక్క నిర్ణయంతో ఆ సంస్థకు రెండు సిరీస్‌లు దక్కాయి. దీనికి విరుద్ధంగా, 2017లో ఆర్కేన్ తీసిన అంతరిక్ష కేంద్రం గేముకు, 2006 నాటి గేముతో సంబంధం లేకపోయినా ‘ప్రే’ అనే పాత పేరే పెట్టారు. ఆ పేరు తమకు ఇష్టం లేదని అప్పటి స్టూడియో అధిపతి రఫాయెల్ కొలాంటోనియో తర్వాత బహిరంగంగా చెప్పారు. ఆ గేము లోతు చాలామందికి ఆలస్యంగా తెలిసింది. నా మటుకు నేను కూడా పేరు చూసి మూడేళ్లు దాన్ని పక్కన పెట్టాను.

షూటర్‌గా మార్చడం గురించే ఇంతసేపు మాట్లాడాను కాబట్టి, ఎదురు దిశలో వెళ్లిన మార్పును కూడా చెప్పాలి. సెగా సంస్థ 2005 నుంచి తీస్తున్న ‘యకూజా’ వీధి పోరాటాల ఆట. 2020లో వచ్చిన ‘యకూజా: లైక్ ఎ డ్రాగన్’ను వంతులవారీ రోల్ ప్లేయింగ్ గేముగా (పాత్రలను నడిపిస్తూ కథ సాగించే ఆటగా) మార్చారు. కొత్త కథానాయకుడు కసుగా ఇచిబాన్ చిన్నప్పటి నుంచి ‘డ్రాగన్ క్వెస్ట్’ అనే అలాంటి వంతులవారీ గేమంటే ప్రాణం పెట్టేవాడు, ప్రతి గొడవనూ తన ఊహలో ఆ ఆటలోని పోరాటంలా చూస్తాడు. అంతకుముందు నాయకుడు కిర్యూ ఒంటరి మనిషి, ఇచిబాన్ స్నేహితులు లేకుండా ఉండలేనివాడు, కాబట్టి పోరాటం కూడా జట్టు పోరాటమైంది. ఇక్కడ జానర్ మార్పుకు కారణం కథానాయకుడి స్వభావంలోనే ఉంది, మార్కెట్ లెక్కలో కాదు. పాత తరహా పిడిగుద్దులు కావాలనుకునేవారికి అదే స్టూడియో ‘జడ్జ్‌మెంట్’ గేములను కూడా తీసింది. నింటెండో 2002లో చూపిన మర్యాదే ఇది.

ఇక ఫోన్ల సంగతి. 1997లో బుల్‌ఫ్రాగ్ తీసిన ‘డంజన్ కీపర్’లో నేలమాళిగ తవ్వుకుంటూ పోవడమే సంతోషం. 2014లో ఫోన్లకు తెచ్చిన రూపంలో ఒక గడి తవ్వాలంటే గంటల తరబడి ఎదురుచూడాలి, లేదా డబ్బు కట్టాలి. ఉచితమని చెప్పిన దాని ప్రకటన తప్పుదోవ పట్టించేలా ఉందని బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణాల సంస్థ అదే ఏడాది జులైలో తేల్చింది. దాని గురించి ఇంతకన్నా రాయడం నాకు ఇష్టం లేదు. ఏ పనిని ప్రేమించి జనం ఆ పేరు గుర్తుపెట్టుకున్నారో ఆ పనికే వెల కట్టారు, అంతే.

మీరు కొత్త గేము తీసేటప్పుడు పాత గేము ఎక్కడుందో చూడండి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం అప్పటికి మార్కెట్లో కొనడానికి దొరకడం లేదు. పాత పద్యాన్ని ఎవరైనా కొత్త వరుసలో పాడితే మాకు కోపం రాదు, పాత వరుస ఎలా ఉందో వినాలంటే వినగలం కాబట్టి. మూలం దొరకనప్పుడు కొత్త రూపమే ఆ పేరుకు ఏకైక అర్థమై కూర్చుంటుంది. ఈరోజు పదిహేనేళ్ల పిల్లవాడు ఒక పాత పేరు వెతికితే షూటర్ ఒక్కటే దొరికితే, అదే ఆ ఆట అనుకుంటాడు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా తరంలో చాలామందిమి ఆ గేములను కాపీ చేసిన సీడీల మీదే ఆడాం, ఎందుకంటే మా ఊళ్లలో అసలు సీడీలు అమ్మే షాపే లేదు. సంపాదన మొదలయ్యాక దొరికిన వాటినన్నిటినీ నేను డబ్బు పెట్టి కొన్నాను. దొరకనివాటికి మీరు వెల చెబితే ఇప్పటికీ కొంటాను.

దొరికేలా చేయడం అసాధ్యమేమీ కాదు. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ 1989 నాటి ఆపిల్ 2 కంప్యూటర్ సోర్స్ కోడ్ (మూల ప్రోగ్రాము) ఉన్న డిస్కులు 2012లో బయటపడగానే ఆ గేము సృష్టికర్త జోర్డన్ మెక్నర్ దాన్ని అందరూ చదువుకునేలా ఉంచారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2020లో ‘కమాండ్ అండ్ కాంకర్’ తొలి గేములను మెరుగుపరిచి అమ్మడంతో పాటు వాటి కోడ్ కూడా విడుదల చేసింది, 2025లో అదే సిరీస్‌లోని మరికొన్ని గేముల కోడ్ ఇచ్చింది.

అందుచేత, పాత గేమును కొత్త జానర్‌లో తీయాలని నిర్ణయించుకున్నప్పుడు, ఆ మొదటి సమావేశంలోనే పాత గేమును జట్టంతా చివరిదాకా ఆడేలా చూడండి, అది ఆటగాడిని ఏ చిక్కులో పెడుతుందో ఒక్క వాక్యంలో రాసి గోడ మీద అంటించుకోండి. కొత్త రూపంలో ఆ వాక్యం నిలవదని ఏ దశలో తేలినా, గేమును ఆపకండి, పేరు మార్చండి. కొత్త గేము విడుదలయ్యే రోజున పాతది కూడా నేటి కంప్యూటర్ల మీద నడిచేలా, మా వంటి దేశాల వారికి అందే వెలకు పక్కనే పెట్టండి. మీరు తీయదలచుకోని పాత పేర్లను అల్మారాలో తాళం వేసి ఉంచే బదులు, తీయాలని తపించే చిన్న స్టూడియోలకు లైసెన్సు ఇవ్వండి.

‘స్ట్రైక్ ఫోర్స్’ వచ్చిన 2006 నుంచి పందొమ్మిదేళ్ల పాటు కమాండోస్ పేరుతో పైనుంచి చూస్తూ ఆడే కొత్త గేము రాలేదు. అటువంటి ఆటకు ఇక గిరాకీ లేదనే అందరూ అనుకున్నారు. 2016లో మ్యూనిక్‌కు చెందిన మిమిమి అనే చిన్న స్టూడియో, జపాన్ ఎడో కాలం నేపథ్యంతో ‘షాడో టాక్టిక్స్’ తీసింది. పేరు కొత్తది, మనుషులు కొత్తవారు, దేశం వేరు. కానీ నేల మీద పచ్చని చూపు విసనకర్రలా పరుచుకుంది, కాపలావాడు అడుగులు లెక్కపెట్టినట్టుగా నడిచి వెనక్కి తిరిగాడు. 2025 ఏప్రిల్‌లో ‘కమాండోస్: ఆరిజిన్స్’ వచ్చేదాకా మాకు కమాండోస్ అంటే అదే. నేను ‘షాడో టాక్టిక్స్’ను మొదటిసారి ఆడిన రాత్రి, ఆ ఇంటర్నెట్ సెంటర్ రోజుల మిత్రుల్లో హైదరాబాద్‌లో ఉన్న ఒకడికి, డాలస్‌లో ఉన్న మరొకడికి నా తెర కనబడేలా పెట్టాను. ఇద్దరూ ఏకకాలంలో అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఇట్లు
భవదీయుడు,
మీ పాత గేములు ఆడుతూ పెరిగిన ఒక తెలుగువాడు